తాత మంత్రంలో ఊరివారు

ముందు తాత గొంతు గురించి చెప్పుకోవాలి. తర్వాత జరిగినదంతా ఆ గొంతు చేసిన నిర్వాకమే. బస్సు కండక్టరుగా పనిచేసి పనిచేసి తాత మెల్లగా మాట్లాడటమనే విద్యను పూర్తిగా మరిచిపోయాడు. మరి ఇంజను రొదను దాటి, మూటల్ని దాటి, సీటు కోసం కొట్లాడుకునేవాళ్ళని దాటి చివరి వరస దాకా మాట చేరాలి కదా. కాలు పెట్టే చోటు లేనప్పుడు కూడా "లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీయే!" అని నమ్మకంగా అరవగలిగిన మనిషి ఆయన. ఇంట్లో మంచినీళ్ళడిగితే పక్కింటివాళ్ళు గ్లాసు పట్టుకొచ్చేవారు.

అమ్మమ్మది ఇంకో రకం. ఆవిడ మాట వినాలంటే ఫ్యాను ఆపాలి. ఈ ఇద్దరూ ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశారంటే, ఆయన మాట్లాడేవాడు, ఆవిడ తనకు కావలసింది చేసుకుపోయేది. అలా బండి నడిచిపోయింది.

మంత్రం ఆ గొంతులోకి ఒక కొండదారిలో వచ్చింది. వాన కురుస్తోంది. మలుపులో బ్రేకు పట్టు తప్పింది. లోపల జనం ఒకరి మీద ఒకరు పడి కేకలు పెడుతుంటే, వయసులో పెద్దవాడైన డ్రైవరు మాత్రం స్టీరింగును కౌగిలించుకున్నట్టు పట్టుకుని ఏదో చదవడం మొదలుపెట్టాడు. "త్ర్యంబకం యజామహే సుగంధిం పుష్టివర్ధనమ్, ఉర్వారుకమివ బంధనాన్ మృత్యోర్ముక్షీయ మామృతాత్." బస్సు రాతిగోడను గీరుకుంటూ పోయి ఆగింది. అద్దాలు పగిలాయి గానీ మనుషులకేమీ కాలేదు.

జనాన్ని కిందికి దించగానే తాత అడిగాడు. "అన్నా, ఏంటది చదివావు?"

"చావు దగ్గరికి రాకుండా చదివేదిరా."

"అర్థమేంటి?"

"స్టీరింగు చూసుకోవడం నా పని. అర్థం గిర్థం నువ్వు చూసుకో."

తాత చూసుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. బడి సగంలో మానేసిన మనిషి. సంస్కృతం తెలుగుకు పెద్దక్కలాంటిదని ఎవరో అనగా విన్నాడు. అక్క మాట చెల్లెలికి తెలియదా అని, ఏది తెలుగులా వినిపిస్తే దాన్ని తెలుగే అనుకున్నాడు. ఉర్వారుకమంటే ఊరివారు. బంధనాన్ అంటే బంధుజనాన్ని. మృత్యువు సరేసరి. ముక్షీయ దగ్గర కాస్త తడబడి, ముట్టకుండా అని సర్దేశాడు. మామృతాత్ మరీ సులువు, మా అమృతం. అన్నీ కలిపి కుట్టేసరికి ఇలా వచ్చింది: మూడు కళ్ళ సామీ, ఊరివారిని, బంధుజనాన్ని మృత్యువు ముట్టకుండా చూడు, మా అమృతం మాకియ్యి.

చెడ్డ అర్థమేమీ కాదు. పాపం, మంచి మనసున్న అర్థమే. అప్పటినుంచి బస్సు కదిలే ముందు ఒకసారి లోలోపల అనుకుని గానీ రైట్ చెప్పేవాడు కాదు. ఊరివారంటే బస్సులోవాళ్ళు, బంధుజనమంటే ఇంట్లోవాళ్ళు. టిక్కెట్టు కొనకుండా సీటు కింద నక్కినవాణ్ణి కూడా ఊరివారిలో కలిపేసేవాడు. దిగేటప్పుడు పట్టుకుని నానా మాటలూ అనేవాడు, అది వేరే సంగతి.

ఉద్యోగం అయిపోయింది. మంత్రం మాత్రం నాలుక మీదే ఉండిపోయింది. తర్వాత అమ్మమ్మ మంచాన పడింది.

ఆసుపత్రిలో డాక్టరు ఒక సాయంత్రం "ఇంక ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు. తాత సంబరపడి సంచులు సర్దేశాడు. ఆ మాట అసలు అర్థం చిన్నకూతురికి తెలుసు. పిన్ని మందుల షాపులో పనిచేస్తుంది. డాక్టరు రాసినవన్నీ నొప్పి తెలియకుండా ఉంచే మందులేనని చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది. చెప్పబోయింది. అప్పటికే తాత ఆటో పిలుస్తున్నాడు, వీధి చివరున్న ఆటోలన్నీ ఒకేసారి తిరిగేలాగ.

వంటింటి పక్క గదిలో ఇనుప మంచం, స్టూలు మీద మందులు, మూత పెట్టిన స్టీలు గ్లాసు. తాత ప్లాస్టిక్ కుర్చీని మంచం తలవైపుకు లాక్కుని, "ఇంక నేను చూసుకుంటాను" అని మంత్రం అందుకున్నాడు. ఆ మంత్రం మెల్లగా చదవాలని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా లాభం లేదు. కింద వీధిలో సైకిలు మీద పోయేవాడు కూడా తలెత్తి చూసేవాడు.

"ఏవండీ" అనేది అమ్మమ్మ.

తాత అరచెయ్యి ఎత్తి ఆగమనేవాడు. నోరు మాత్రం ఆగేది కాదు.

"ఒక్క మాటండీ."

తాత కళ్ళు మూసుకుని గొంతు ఇంకాస్త పెంచేవాడు.

"నాన్నా, అమ్మ ఏదో అంటోంది" అని పిన్ని గుమ్మంలోంచి కేకేస్తే, మంత్రంలో ఒక్క అక్షరం జారకుండానే తల అడ్డంగా ఊపేవాడు. మంచినీళ్ళకని ఆగినప్పుడు మాత్రం సంజాయిషీ చెప్పాడు. "మధ్యలో ఆపితే ఎక్కడికక్కడ తెగిపోతుందే. నీకు తగ్గాక తీరుబడిగా మాట్లాడుకుందాం. మాటలకేం, ఎక్కడికి పోతాయి?"

అమ్మమ్మ ఆయన్ని కాసేపు చూసి, కూతురి వైపు తిరిగింది. "మీ నాన్న ఎక్స్‌ప్రెస్ బస్సే. మన స్టేజీలో ఆపరు."

ముగ్గురూ నవ్వారు. తాత అందరికంటే గట్టిగా నవ్వి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ మొదలుపెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం కళ్ళు మూసుకుని మంచి ఊపులో ఉండగా పిన్ని వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. మళ్ళీ ఆపమని అడగడానికి వచ్చిందనుకుని తాత భుజం విదిలించాడు. ఆ విడత పూర్తిచేసి, దండం పెట్టుకుని, అప్పుడు కళ్ళు తెరిచాడు. పిన్ని అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఇందాకే."

వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. "ఆఖరి ఊపిరి దాకా చెవిలో మంత్రం పడింది, పుణ్యాత్మురాలు" అన్నారు. "అలాంటి భర్త ఎందరికి దొరుకుతాడు" అన్నారు. తాత తలూపాడు. లోపల మాత్రం ఆయనకు మంత్రం మీద పీకల దాకా కోపం. ఎక్కడెక్కడివాళ్ళకో పనిచేసిన మంత్రం, సీటు కింద నక్కినవాడికి కూడా పనిచేసిన మంత్రం, ఇంటి మనిషి దగ్గరికొచ్చేసరికి చెయ్యిచ్చింది.

ఆ కోపంతోనే ఒక పొద్దున మెట్లు దిగి, కింది వాటాలో ఉండే పంతులమ్మ తలుపు కొట్టాడు. ఆవిడ బడిలో సంస్కృతం చెప్పి రిటైరయింది. ఆరిన బట్టలు మడతపెడుతూ "రండి కండక్టరుగారూ, కూర్చోండి" అంది.

"కూర్చోడానికి రాలేదమ్మా, తగువుకొచ్చాను. మీ సంస్కృతం పనిచెయ్యలేదు."

"నా సంస్కృతమా? పిల్లలకి మార్కులు తెప్పించడానికే పనిచెయ్యలేదది. సంగతేమిటి?"

తాత మంత్రం వినిపించాడు. తనకు తెలిసిన అర్థం కూడా, ఎక్కడా తడబడకుండా. పంతులమ్మ ఊరివారి దగ్గర పెదవి కొరుక్కుంది. బంధుజనం దగ్గర ఇక ఆగలేక, చేతిలో ఉన్న దుప్పటిలో మొహం దాచుకుని నవ్వింది. తలెత్తి చూసేసరికి తాత నిలబడే ఉన్నాడు.

"తప్పయింది. నవ్వకూడదు" అంది.

"నవ్వండమ్మా. మా ఆవిడా నవ్వేది. అసలు అర్థం చెప్పండి."

"ఉర్వారుకమంటే ఊరివారు కాదండీ. దోసపండు."

తాత కూర్చున్నాడు. "దోసపండా? చావు మంత్రంలోకి కూరగాయల సంత ఎందుకొచ్చిందమ్మా?"

"దోసపాదు నేల మీద పాకుతుంది, చూసే ఉంటారు. కాయ పచ్చిగా ఉన్నప్పుడు లాగితే తీగ కూడా లేచొస్తుంది. పండాక ఎవరూ లాగక్కర్లేదు. తొడిమ దగ్గర దానంతటదే విడిపోయి పాదు పక్కనే పడుంటుంది. తీగకు తెలియదు, పండుకు నొప్పి ఉండదు. బంధనమంటే ఆ తొడిమ పట్టు. మూడు కళ్ళ స్వామిని కొలుస్తున్నాం, పరిమళమున్నవాడు, పోషించి పెంచేవాడు, పండు పట్టు విడిచినట్టు నన్ను మృత్యువు నుంచి విడిపించాలి అని అడుగుతున్నాం."

"నేనూ అదేగా అడిగింది. మృత్యువు నుంచి."

"మీరు చావు రావద్దని అడిగారు. ఇందులో అడిగేది చావు పట్టు వదలాలని. పచ్చికాయను తెంపినట్టు భయంతో, ఏడుపుతో, వేళ్ళాడుతూ పోకూడదని."

"మరి మా అమృతం?"

"అది మన మా కాదండీ. సంస్కృతంలో మా అంటే వద్దు అని. మృత్యువు నుంచి విడిపించు, అమృతం నుంచి మాత్రం వద్దు. ఒంటికి చావు తప్పదు కదా. లోపల చావులేనిది ఒకటుంది, దాన్నుంచి మాత్రం నన్ను వేరుచెయ్యకు అని."

తాత మామృతాత్ అని ఒకసారి పైకి అనుకుని చూశాడు. "అంటే నేను మాది మాది అని అరిచిన చోట, మంత్రం వద్దు వద్దు అంటోందన్న మాట."

"అర్థం తెలియకపోయినా ఫలం ఉంటుందంటారు. బాధపడకండి."

"ఫలం ఇచ్చిందమ్మా. నేను వేరేది అడిగాననుకున్నాను గానీ, అది ఇవ్వాల్సింది ఇచ్చింది. పక్కన కూర్చున్న నాకు తెలియకుండా ఆవిడ విడిపోయింది. పండు ఆవిడే. వేళ్ళాడిన పచ్చికాయను నేను." లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఒక్క మాట చెప్పాలందమ్మా. రెండు రోజులూ అడిగింది. తెగిపోతుందని నేను ఆపలేదు."

పంతులమ్మ చేతిలో దుప్పటి మడత విడిపోయింది. మళ్ళీ వెయ్యలేదు. "అర్థం తెలిసినదాన్ని నేనేం చేశాను లెండి" అంది. "మావారు పోయే రోజున ఇంకో సూది ఎందుకెయ్యరని వరండాలో డాక్టరుతో పోట్లాడుతున్నాను." దుప్పటి పక్కన పెట్టి, "మీ అమ్మాయినడగండి. ఆడపిల్లతో చెప్పుకుని ఉంటుంది" అంది.

ఆ మాటతో తాతకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం దాకా గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరిగాడు. ఏమై ఉంటుంది ఆ మాట? అలమర తాళంచెవి ఎక్కడుందో చెప్పాలనుకుందా? అది ఎప్పుడూ పోయేది ఆయన దగ్గరే. పిన్నిని జాగ్రత్తగా చూసుకోమని చెప్పబోయిందా? భయమేస్తోంది, చెయ్యి పట్టుకోమని అడగబోయిందా? ఇన్నేళ్ళ అరుపులకీ కలిపి ఒకేసారి తిట్టాలనుకుందేమో. తిట్టినా బాగుండేది. ఆవిడ తిడితే ఎలా ఉంటుందో ఆయనకు తెలియనే తెలియదు.

పిన్ని షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగేశాడు. "అమ్మా, ఆ రోజు మీ అమ్మ నాకేం చెప్పాలనుకుంది?"

పిన్ని వంగినది వంగినట్టే ఉండిపోయింది. "తెలియదు నాన్నా."

"దాచకు. ఏదైనా పర్వాలేదు."

"దాచడం లేదు. నేనూ అడిగాను. నాతో చెప్పు, నాన్నకు నేను చెప్తానన్నాను. 'నీకు కాదులే, మీ నాన్నకే చెప్పుకోవాలి' అంది."

తాత ప్లాస్టిక్ కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. ఆ మాట ఇంకెవరి దగ్గరా లేదు. ఒక్కడి కోసం దాచిపెట్టింది, ఆ ఒక్కడే తీసుకోలేదు. ఏం చెయ్యాలో తోచక పెదవులు వాటంతటవే కదిలాయి. "త్ర్యంబకం యజా..."

"ఆపు నాన్నా!"

పిన్ని అలా అరవడం ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు.

"అప్పుడూ ఇదే. అమ్మ నోరు తెరిచినప్పుడల్లా నువ్వు నోరెత్తావు. డాక్టరు ఎందుకు ఇంటికి పంపాడో నాకు తెలుసు. నీకు చెప్పాలని ఎన్నిసార్లు గుమ్మం దాకా వచ్చానో తెలుసా? చెప్పి ఉంటే మానేసేవాడివేమో. నువ్వు తల ఊపావు, నేను వెనక్కెళ్ళాను. అది నా తప్పు. కానీ అమ్మ పక్కన పడుకుని ఏడవాలని ఉండేది నాన్నా నాకు. నీ మంత్రం మధ్యలో ఏడిస్తే అపశకునమంటావని వంటింట్లో కుళాయి విప్పుకుని ఏడ్చాను."

నేను మంచికే చేశానే అన్న మాట తాత గొంతు దాకా వచ్చింది. అది నిజమే. అయినా మింగేశాడు. సూది, డాక్టరు, దోసపండు, పంతులమ్మ చెప్పినవన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి. వాటినీ మింగేశాడు.

"ఇంకా?" అన్నాడు.

"ఇంకేముంది" అంది పిన్ని. చున్నీతో ముక్కు తుడుచుకుంది. తర్వాత "చాలా ఉంది" అంది.

"చెప్పు."

పిన్ని గుమ్మంలోనే చతికిలబడి చెప్పడం మొదలుపెట్టింది. సగం తిట్లు, సగం అమ్మమ్మ కబుర్లు. మధ్యలో ఏడుపొస్తే ఆగి, మళ్ళీ అందుకుంది. పొయ్యి వెలిగించలేదు, దీపం కూడా వెయ్యలేదు. తాత ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. తను వెతుక్కుంటున్న మాట అందులో ఉండదని ఆయనకు తెలుసు. తెలిసే, చివరిదాకా విన్నాడు.