బోణీ కాకముందు అడిగిన ప్రశ్న

నిన్న మా మేనకోడలు ఫోన్ పట్టుకొచ్చి, సైన్సు, ఇంజినీరింగు, సామాజిక శాస్త్రాలు అన్నింటిలోనూ పీహెచ్‌డీ సీట్లకు ప్రకటన పడిందనీ, తాను మత్స్యకార స్త్రీల వ్యాపారం మీద దరఖాస్తు పెడుతున్నాననీ చెప్పి, "అత్తా, అందరూ ఈ పాత థీసిస్సే సూపిస్తన్నారు, నువ్వోపాలి సూడు" అంది. చూశాను గదా, ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లయినా ఆ అబద్ధం చావలేదు.

ఎమ్మే అయిన కొత్తలో, ఊరికి వచ్చిన ఒక పరిశోధకుడి దగ్గర ప్రశ్నపత్రాలు నింపే పనిలో చేరి, శ్రీకాకుళం పక్కనున్న మా రేవుకే ఆయన్ని తీసుకెళ్లాను. తెల్లారి తెప్పలు ఒడ్డుకు చేరే వేళ, ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని గంపల దగ్గర నిలబడి, చేపల ధర ఎవరు నిర్ణయిస్తారని వరసగా అందరినీ అడిగాడాయన. బోణీ కాకుండా మా ఆడవాళ్లు పరాయి మనిషితో మాట కలపరు. వదిలించుకోవడానికి అందరిదీ ఒకటే మాట, "మా మగోల్ని అడుగు బాబూ." అలా అన్నవాళ్లలో మా అమ్మ ఒకతె. రేవు మొత్తానికి ధర కట్టే మనిషి ఆవిడ. ఆవిడ ఒక మాటంటే మా నాన్నే కాదు, షావుకార్లు కూడా మారు మాట్లాడేవారు కారు. నేను అసలు సంగతి చెప్పబోతే, వాళ్లన్నదే రాయి అన్నాడాయన. రాశాను. ఆ తప్పులో నా చెయ్యీ ఉంది.

ఈ తీరంలో ఆడవాళ్లకు వ్యాపారంలో నిర్ణయాధికారం లేదని తేల్చి, ఆ థీసిస్‌తోనే ఆయన డాక్టరయ్యాడు. తర్వాత అదే విషయం మీద పీహెచ్‌డీ సీటు కోసం నేను ఇంటర్వ్యూకి వెళితే, బల్లకు అవతల ఆయనే కూర్చున్నాడు. ఆ సంగతి తేలిపోయింది కదమ్మా, వేరేది చూసుకో అన్నాడు. తల వంచుకుని సరేనంటే సీటు వచ్చేదే. "మీరు బోణీ కాకముందు అడిగారండి, అందుకే వాళ్లు అబద్ధం చెప్పారు" అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. సీటు రాలేదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ గంప దించి, "ఆ బాబుని మల్లీ రమ్మనే, పీటేసి కూకోబెట్టి నిజం సెప్తాను" అంది. ఆయన రాలేదు. గజపతినగరంలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను గానీ, ఆ రోజన్న మాటకి ఈ రోజుకీ చింత లేదు, మళ్లీ పిలిచినా అదే అంటాను.

ఇవాళ పొద్దున్నే పిల్లని వెంటబెట్టుకుని రేవుకి వెళ్లి, ఐసు పెట్టెల, ఆటోల మధ్య, అందరికీ బోణీ అయ్యేదాకా ఇసకలో కూర్చున్నాం. అప్పుడడిగించాను అదే ప్రశ్న. అమ్మతో గంప మోసిన ముసలావిడ నవ్వి, "ఇప్పుడు మాదేటుంది తల్లీ, ఏజెంటు ఫోన్లో వస్తాది రేటు" అంది.

ఆయన రాసిన అబద్ధం ఇన్నాళ్లకి నిజమవుతోంది. నాకు ఏడుపొచ్చింది. అయినా పిల్లతో చెప్పాను: ఇదీ రాయి, కానీ దీనికన్నా ముందు, మొదటి పేజీలోనే, ఈ రేవులో ధర కట్టింది మీ నానమ్మ అని రాయి, ఎవరు నవ్వినా కొట్టెయ్యకు.