పద్మ ఆది జాకెట్టు

1983వ సంవత్సరం. హిందూపురంలో ఒక ఆడపిల్లల కాలేజీ వాళ్ళు విరిగిన బెంచీలు పడేసుకునే గదిని కొన్నాళ్ళపాటు మాకిచ్చారు. కిటికీలకు నల్లగుడ్డ కొట్టి, తలుపు సందుల్లో కాగితాలు దూర్చి, పట్టపగలే చీకటి చేసుకున్నాం. నేనప్పుడు ఒక యూనివర్సిటీలో సైకాలజీ రీసెర్చ్ అసిస్టెంటును. పుట్టింది పెనుకొండలో కాబట్టి ఈ ప్రాంతం పని నా నెత్తిన పడింది. సైకాలజీ అంటే ఎదుటివాళ్ళ మనసు చదివే విద్య అనుకునే రోజులవి. కాలేజీ ప్యూను మొదటిరోజే నా ముందు చెయ్యి చాపి, తనకు ప్రమోషన్ ఎప్పుడో చెప్పమన్నాడు.

మా పని బాడీ ఇమేజ్ మీద. అంటే, మన ఒళ్ళు ఎలా ఉంటుందో మన మనసు గీసుకున్న బొమ్మ. ఆ బొమ్మకూ అసలు ఒంటికీ ఎంత తేడా ఉందో చూడ్డానికి సైజ్ ఎస్టిమేషన్ అని ఒక పద్ధతి ఉంది. పొడవాటి చెక్క మీద అటూ ఇటూ జరిగే రెండు చిన్న టార్చి బల్బులుంటాయి. చీకట్లో దాన్ని గోడకు ఆనించి పెడతాం. ఎదురుగా కూర్చున్న అమ్మాయి చేతికి రెండు తాళ్ళిచ్చి, నీ ముఖం ఎంత వెడల్పు ఉంటుందో అంత దూరంలో బల్బులు నిలబెట్టు అంటాం. తర్వాత భుజాలు, తర్వాత నడుము. ఒకసారి బల్బులు దూరంగా పెట్టి దగ్గరికి లాగమంటాం, ఇంకోసారి దగ్గరగా పెట్టి దూరం జరపమంటాం. ఎవరైనా సరే ప్రతిసారీ కాస్త అటూ ఇటూ పడతారు. ఆఖరున అసలు ఒంటిని కొలిచి, ఉన్న తేడాకు ఎర్రర్ అని పేరు పెడతాం.

ఆడపిల్లలు నడుము దగ్గరికి రాగానే బల్బులను ఆ చివరికీ ఈ చివరికీ లాగేసేవారు. పుల్లలా ఉన్న పిల్ల కూడా తను రుబ్బురోలులా ఉన్నాననుకునేది. నేను నవ్వడానికి లేదు. కాస్త బొద్దుగా ఉండే నేను సరదాకు ఒకసారి కూర్చుంటే, నా చేతిలో బల్బులు చెక్క దాటిపోబోయాయి.

సుజాత (పేరు మార్చాను) డిగ్రీ మొదటి సంవత్సరం చదివేది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉండేది. మనిషి పొడుగు, వెడల్పాటి భుజాలు, వాటి మీద మాంసం అన్నది లేదు. ముఖం వెడల్పు చూపమంటే అందరిలాగే తడబడింది. భుజాలు అనగానే మాత్రం తాళ్ళు చకచకా లాగి ఒకచోట ఆపేసింది. బల్బులు జరిపి మళ్ళీ అడిగాను. మళ్ళీ అక్కడే. దూరం నుంచి లాగించినా, దగ్గర నుంచి జరిపించినా వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే. నడుముకూ అంతే. నా చెక్క పాడైందేమోనని తాళ్ళు తడిమి చూసుకున్నాను.

అది బాగానే ఉంది. కానీ ఆ పిల్ల చూపించిన కొలత తనది కాదు. తనకన్నా బాగా సన్నని మనిషిది. బల్బులు ఆపాక ఆమె తాళ్ళు వదిలి రెండు చేతులూ గాలిలో ఎత్తింది. ఏదో బట్టను భుజాల దగ్గర పట్టుకుని సరిచూసుకుంటున్నట్టు కాసేపు అలాగే ఉంచింది. ఆ రెండు వెలుగుల మధ్య గోడ ఖాళీగానే ఉంది. అయినా అక్కడ ఎవరో మాకు వీపు పెట్టి నిలబడ్డారని నాకు అనిపించింది.

ఇది నీ కొలతేనా అని అడిగాను.

"నేనింకా అంత కాలేదక్కా," అంది. "కావల్ల."

కొలవడానికి పక్క గదిలోకి తీసుకెళ్ళాను. జాకెట్టు ముందు హుక్కులు పడక పిన్నీసులు పెట్టుకుంది. చంకల దగ్గర కుట్టు కోసుకుని పుండ్లు పడ్డాయి. హాస్టల్ వార్డెన్‌ను కదిపితే ఆమె బాధంతా వెళ్ళగక్కింది. ఈ పిల్ల సంగటి పక్కపిల్లల కంచంలోకి తోసేస్తుందట, పూటకో గ్లాసు మజ్జిగతో గడుపుతుందట, రెండుసార్లు మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయిందట. ఇలాగే ఉంటే ఈ పిల్ల దక్కదని డాక్టరు చెప్పాడని, ఇంటికి ఉత్తరం రాస్తే జవాబు లేదని అంది. మా ప్రొఫెసరు మేడమ్‌కు ఫోన్ చేస్తే, పని పక్కనపెట్టి పిల్లను ఇంటికి తీసుకెళ్ళు, పెద్దవాళ్ళతో మాట్లాడు అన్నారు. మా చెక్క ఉన్న పెట్టెను గదిలో వదిలేస్తే బల్బులు మాయమవుతాయని దాన్నీ వెంట తీసుకుని బయల్దేరాను.

పెనుకొండలో బస్సు మారాలి. బస్టాండులో జామకాయ కొనిచ్చాను. ధర్మవరం బస్సు ఎక్కేదాకా దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది, కొరకలేదు. నాకు విసుగొచ్చి తినమని గట్టిగానే అన్నాను. ఆమె జామకాయను ఒళ్ళో పెట్టుకుంది.

"ఆడ నన్ను పద్మా అని పిలుస్తారు," అంది. "మీరేమనుకోవద్దండక్కా."

పద్మ ఎవరని అడిగాను. మా అక్క, ఇప్పుడు లేదు, అని కిటికీ వైపు తిరిగింది.

మేం వెళ్ళేసరికి వాళ్ళింట్లో చీరలు కొనే బేరగాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. మడతల్లో ఉన్న చీర కన్నా మనిషి ఒంటి మీద ఉన్న చీర తొందరగా అమ్ముడుపోతుంది. అందుకని ఆ ఇంట్లో ఆడపిల్లకు కట్టి చూపిస్తారు. తల్లి మమ్మల్ని చూసి, వచ్చినావా పద్మా, దా, అని పిల్లను లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి సుజాత మామిడిపండు రంగు పట్టుచీరలో బయటికొచ్చింది. ఊపిరి పీలిస్తే పిన్నీసులు ఊడతాయని ఊపిరి బిగబట్టి నిలబడింది. తల్లి చూపు జాకెట్టు భుజాల మీదే ఉంది. అంతకు పైకి, పిల్ల ముఖం మీదికి ఒక్కసారి కూడా రాలేదు. ఆ చూపులో ఉన్న తృప్తి చూస్తే నాకు భయం వేసింది.

విషయం నాకు చెప్పింది అవ్వ, అంటే ఆ పిల్ల నాయనమ్మ. వసారాలో దారం చుడుతూ మెల్లగా చెప్పింది. పెద్దపిల్ల పద్మ కడితే ఆ చీర ఇంట్లో మిగిలేది కాదట. పచ్చకామెర్లొచ్చి పదిహేడేళ్ళకే పోయింది. చిన్నపిల్ల వోణీ కట్టే వయసుకొచ్చినప్పుడు తల్లి ఆ పద్మ జాకెట్టునే టైలరుకు ఆది ఇచ్చింది. మన దగ్గర మగ టైలర్లు ఆడపిల్లల ఒంటికి టేపు పెట్టరు కదా, సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తే దాని ప్రకారం కుడతారు. అప్పుడది సుజాతకు వదులైంది. పోనుపోను సరిగ్గా సరిపోయింది. చీర కట్టుకుని నిలబడితే అచ్చం పద్మే. తర్వాత బిగువైంది. అయినా ప్రతిసారీ టైలరు దగ్గరికి వెళ్ళింది మాత్రం అదే ఆది.

"ఈ పాప పెరగతాండాది," అంది అవ్వ. "సచ్చిపోయిన పాప యాడ పెరుగుతాదమ్మా?"

చెప్పి చూశారా అని అడిగాను. చెబితే కోడలు ఆ పూటంతా మాట్లాడదట, పిల్ల ఆ పూటంతా తినదట.

బేరగాళ్ళు వెళ్ళాక నేను తల్లికి వార్డెన్ చెప్పిందీ డాక్టరు చెప్పిందీ అంతా చెప్పాను. ఆమె వింది. ఇప్పటి పిల్లలు సన్నగా ఉండాలనుకుంటారు కదమ్మా అంది. చూపించడం తప్ప నాకింకో దారి కనబడలేదు. మగ్గం ఉన్న లోపలి గది తలుపు మూస్తే చీకటే. పెట్టె విప్పి, చెక్క గోడకు ఆనించి, తాళ్ళు ఆమె చేతికిచ్చాను. కాలేజీలో పిల్లలకు పెట్టే పరీక్షేనని, మీ అమ్మాయి భుజాలు ఎంత ఉంటాయో చూపించమని అడిగాను.

నేత ఇంటి మనిషి, తాళ్ళు తేలిగ్గా లాగింది. రెండు బల్బులూ హిందూపురం చీకటిగదిలో ఆగిన చోటే వచ్చి ఆగాయి. మగ్గం గుంటలో కూర్చున్న సుజాత తండ్రి తల ఎత్తి బల్బుల వైపు చూశాడు.

సుజాతను పిలిచి గోడకు వీపు ఆనించి నిలబడమని, బల్బులు కదలకుండా చెక్కను తీసి ఆమె మెడ కింద ఆనించి పట్టుకున్నాను. ఆ బల్బుల మధ్య ఆమెకు చోటు చాలలేదు. రెండు బల్బులూ ఆమె భుజాలకు లోపలివైపే, మెడ ఎముకల మీద వెలుగుతున్నాయి. కండ ఎక్కడా లేదు, అంతా ఎముకే. తిండి మానేస్తే కండ తగ్గుతుందేమో కానీ భుజాల ఎముక తగ్గదు. ఆ పిల్ల ఎన్నాళ్ళు పస్తులున్నా, చివరికి ప్రాణం పోయినా, ఆ రెండు వెలుగుల మధ్య ఇమడదు.

తల్లి లేచి వచ్చింది. వెలుగు బయట చీకట్లో ఉన్న భుజం కోసం చేత్తో వెతికింది. ఎముక అందగానే చెయ్యి ఆగిపోయింది. అప్పుడు మొదటిసారి పిల్ల ముఖంలోకి చూసింది.

"ఎప్పుడు పెరిగినావే ఇంత?" అంది.

సుజాత తల వంచుకుంది, తప్పు చేసినదానిలా. నేను చెక్కను తీసి మళ్ళీ గోడకు ఆనించాను. తల్లి పిన్నీసులు ఒక్కొక్కటీ తనే తీసింది. చంకలో పుండ్లు కనబడ్డాయి. తన చీర చెంగు పిల్లకు కప్పి బయటికి పంపింది.

నేను బల్బులు ఆర్పబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకొంచేపు ఉండనీ తల్లీ."

గోడ మీద రెండు వెలుగులు, వాటి మధ్య పద్మంత ఖాళీ. ఆమె దాని ఎదురుగా చతికిలబడి కూర్చుంది. తండ్రి మగ్గం గుంటలోంచి లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చేశాను. తర్వాత ఎప్పటికో వాళ్ళే ఆర్పుకుని వచ్చారు.

ఆ రోజు అవ్వ కలిపిన సంగటి రెండు ముద్దలు తిని సుజాత కక్కేసింది. ఒక్కరోజులో మనుషులు బాగైపోయే కథలు నేను నమ్మను. అనంతపురం ఆస్పత్రిలో కొన్నాళ్ళుంది, చదువులో ఒక ఏడాది పోయింది. తేరుకుంది. ఆ ఇంట్లో చీరలు కట్టి చూపించడం మానేశారని విన్నాను. పద్మ జాకెట్టు ఏమైందో నేను అడగలేదు, అడిగే హక్కు నాకుందనీ అనుకోలేదు.

సుజాత లెక్కలను ఎర్రర్ల కింద వెయ్యలేనని మేడమ్‌తో చెప్పాను. ఆ అమ్మాయి తన ఒంటిని తప్పుగా అంచనా వెయ్యలేదు, ఇంట్లో తన నుంచి ఏ ఒళ్ళు కోరుకున్నారో దాన్ని తప్పు లేకుండా చూపించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇదే పని చేశాను. చీకటిగదిలోకి వచ్చిన పిల్లను ఎంత లావున్నావని అడగడానికి ముందు, ఎవరిలా ఉండాలని ఉంది అని అడిగేదాన్ని. చాలామంది సినిమావాళ్ళ పేరో, పక్క బెంచీ పిల్ల పేరో చెప్పి సిగ్గుపడేవారు. వాళ్ళ గురించి నాకు అంత బెంగ ఉండేది కాదు. ఎవరిలాగూ కాదు అని చప్పున చెప్పే పిల్లకు మాత్రం టీ తెప్పించి, ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరెవరు లేరు అని అడిగేదాన్ని.