అత్తమ్మ చెప్పిన గ్యాస్ ట్రబుల్

మా కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో పిల్లలు కలగడానికి చేయించుకునే చికిత్సకు కూడా డబ్బు వస్తుందని నాకెవరూ చెప్పలేదు. మడికొండలోని మా ఆఫీసులో హెచ్‌ఆర్ అమ్మాయిని అడిగితే, "అది జబ్బు కాదు కద మేడం, ఇన్సూరెన్స్ ఎట్ల వస్తది?" అంది. పక్క సీట్ల వాళ్లకు వినపడేటట్టు అంది. బీమా కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లూ రాదన్నారు. విడిగా కొనుక్కునే పాలసీల్లో సాధారణంగా రాదట. కానీ మాది ఉద్యోగులందరికీ కలిపి ఆఫీసు తీసుకున్న పాలసీ. చివర్లో అదనంగా కలిపిన షరతులు చదివితే, ఐవీఎఫ్‌కు ఒక పరిమితి దాకా ఇస్తామని ఉంది. ఆ పేజీ తీసుకెళ్లి ఆ అమ్మాయి ముందు పెట్టాను. "అవును మేడం, ఉంది" అంది. సారీ అనలేదు. నేను మరిచిపోలేదు.

మొదటిసారి పెట్టిన పిండం నిలవలేదు. మిగిలినవాటిని దవాఖానలో ఫ్రీజ్ చేసి ఉంచారు. చేతిలో ఉన్నదంతా అప్పటికే అయిపోయింది. ఆ ఖర్చు బీమా నుంచి తిరిగొస్తేనే మాకు రెండో ప్రయత్నం, లేకపోతే లేదు.

క్లెయిమ్ పెట్టాక, నేనూ మా ఆయనా డ్యూటీల్లో ఉన్న వేళ, బీమా కంపెనీ నుంచి విచారణకని ఒకతను సుబేదారిలోని మా ఇంటికి వచ్చాడు. ఇంట్లో అత్తమ్మ ఒక్కతే ఉంది.

ఇక్కడ మా చర్చి సంగతి చెప్పాలి. బుధవారం స్త్రీల కూటంలో ఎవరి కష్టం వాళ్లు ప్రార్థన మనవిగా చెప్పుకుంటారు. ఆమెన్ అన్న గంటలో అది అందరిళ్లకూ చేరుతుంది. నేను తరచూ దవాఖానకు పోవడం కూటం వాళ్లందరూ చూశారు. అందుకని అత్తమ్మ నా పేరు మీద గ్యాస్ ట్రబుల్ అని మనవి ఇచ్చింది. నెలల తరబడి నా గ్యాస్ కోసం కన్నీళ్లతో ప్రార్థించారు.

విచారణకు వచ్చినతనికీ అత్తమ్మ అదే చెప్పింది. అతను పక్కింటావిడను అడిగాడు. ఆవిడా కూటం మనిషే. "గ్యాసే సార్. మేమందరం ప్రార్థన చేసినం" అన్నదట.

కుటుంబ సభ్యుల మాటకూ ఆసుపత్రి కాగితాలకూ పొంతన లేదని క్లెయిమ్ తిరస్కరించారు.

"ఎందుకట్ల చెప్పినవ్ అత్తమ్మా?"

"పోలీసోని లెక్క అడిగిండు బిడ్డా. కూటంల ఏం చెప్పిన్నో గదే చెప్పిన. తలకాయకో మాట చెప్తే రేపు దొరికిపోమా?"

మా ఆయన నవ్వాడు. "అబద్ధం గూడ పద్ధతిగనే చెప్తది మా అమ్మ." తర్వాత నా వైపు తిరిగి, "ఇగ వదిలెయ్. పెద్ద కంపెనీతోని మనకెందుకు?" అన్నాడు. అదీ గుర్తుంది.

వదల్లేదు. బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాను. అదే జవాబు మళ్లీ పంపారు. అప్పుడు బీమా ఫిర్యాదులు వినే ప్రభుత్వ అధికారికి రాశాను. వీడియోలో విచారణ పెట్టారు. అత్తమ్మ ఆదివారం చీర కట్టుకుని నా పక్కన కూర్చుంది.

కంపెనీ తరఫు మనిషి గ్యాస్ సంగతి రెండుసార్లు చదివాడు. అధికారి అత్తమ్మను అడిగారు.

"అబద్ధం చెప్పిన సార్. మా కోడలు పిల్లల కోసం సూదులు పొడిపిచ్చుకుంటాందని ముక్కూ మొఖం తెల్వనోనికి ఎట్ల చెప్త? మీ ఇంట్ల ఆడోళ్ల సంగతి ఎవలన్న బండి మీదొచ్చి అడిగితే చెప్తరా?"

"కానీ పక్కింటావిడ కూడా..." అన్నాడు కంపెనీ మనిషి.

"ఆమెకు చెప్పింది గూడ నేనే, నాయినా."

నా వంతు వచ్చింది. "చికిత్స చేసింది డాక్టర్ గారు. కాగితాలన్నీ ఆమె ఇచ్చినవే. రోగమేంటో అత్తగారిని అడిగి తేల్చాలని పాలసీలో ఎక్కడుందో చూపించమనండి సార్" అన్నాను.

అతను కాగితాలు తిరగేశాడు. అతనికి ఏమీ దొరకలేదు. అతను ఊరికే వెతకడం చూస్తుంటే నాకు కడుపు నిండినట్టయింది.

పరిమితి మేరకు పూర్తిగా చెల్లించమని ఉత్తర్వు వచ్చింది. గడువు దాటినా డబ్బు వేయలేదు. ఇంకో ఫిర్యాదు రాశాను. వడ్డీతో వేశారు.

రెండోసారి పిండం పెట్టేటప్పుడు డాక్టరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పి తెల్లటి చుక్క ఒకటి చూపించింది. "గదే" అంది. నిలుస్తుందా అని నేను అడగలేదు. పాలసీ కొత్త ఏడాదిలో పడింది, పరిమితి మళ్లీ మొదటికొచ్చింది, ఇంకో పిండం భద్రంగా ఉంది. బయటకు వస్తూనే కౌంటర్‌లో బిల్లులన్నిటి మీదా ముద్ర వేయించుకుని, ఇంటికి పోయి ఆ సాయంత్రమే క్లెయిమ్ పెట్టాను.