షట్టర్ పూర్తిగా దించిన శనివారం

మా వీధిలో పగటిపూట అంగడి షట్టర్ పూర్తిగా దిగి ఉందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. పండగైనా పెళ్ళైనా సగమే దించి, ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు లోపల కూర్చుంటారు. హోసూరులో మాది పప్పులు, బెల్లం అమ్మే అంగడి. పెళ్ళయినప్పటి నుంచి ఆదివారమంటే ఏమిటో నాకు తెలియదు. తెల్లారకముందే లేవడం, పావు కేజీలు తూచడం, నిలబడి నిలబడి కాళ్ళు వాచడం. రెండు రోజులు, రెండే రెండు రోజులు, "అమ్మా, చక్కెర" అని ఎవరూ పిలవని చోట కూర్చోవాలని ఉండేది.

పాండిచ్చేరి అనుకున్నాం. అనుకోవడానికే ఏళ్ళు పట్టింది. ఒకసారి సరుకు లారీ అడ్డం, ఒకసారి పెళ్ళిళ్ళ సీజన్ అడ్డం. ఈసారి ఎందుకో మా ఆయన మెత్తబడ్డాడు. ఫోన్‌లో రూమ్ కూడా బుక్ చేశాడు. అత్తను ఒక్కదాన్నే వదల్లేం కాబట్టి ఆమె కూడా బయల్దేరింది. నేను చిత్రాన్నం కట్టాను. అంగట్లో కూర్చోవడానికి ఎవరూ మిగలరు గనక, ఆయన శుక్రవారం రాత్రే షట్టర్ పూర్తిగా దించి తాళం వేశాడు. వీధిలో ఒక మాట చెప్పాలన్న బుద్ధి మా ఇద్దరికీ పుట్టలేదు.

శనివారం తెల్లారినా షట్టర్ లేవకపోయేసరికి పాలంగడి ఆయన వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వెనకే ఎదురింటివాళ్ళు. పూలంగడి ఆయనైతే ఏకంగా రోజా మాలే తెచ్చాడు. అరుగు మీద కాఫీ తాగుతున్న అత్తను చూసి మాలను వెనక దాచుకున్నాడు.

ఆమె చెయ్యి చాపింది. "ఈడ ఇయ్యప్పా. తెచ్చింది నాకే కదా."

అందరూ నవ్వారు, మా ఆయన తప్ప. వీధంతా ఎవరో పోయారనే అనుకుంటుంది, షట్టర్ సగం ఎత్తేసి వస్తానని పోయాడు. ఎంతకీ రాడు. పోయి చూస్తే కందిపప్పు తూస్తున్నాడు. తల ఎత్తకుండానే వచ్చే వారం పోదాంలే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అరవడానికి కూడా ఓపిక లేదు. ఇంటికొచ్చి చిత్రాన్నం డబ్బా తెరవబోయాను.

అత్త అప్పటికే చెప్పులేసుకుని ఉంది. "మూత తియ్యొద్దు. వాడు రాడు. వాళ్ళ నాయన కూడా ఇట్లే వచ్చే వారం, వచ్చే వారం అంటానే పోయినాడు. పా అమ్మా, మనం పోదాం."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మాల ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుంది. సముద్రానికి వేస్తుందట. అక్కడ ఏమేం చూడాలో మాట్లాడుకుందామనుకున్నాను గానీ కృష్ణగిరి రాకముందే ఇద్దరికీ నిద్ర పట్టేసింది. మధ్యలో ఫోన్ మోగింది, మా ఆయనే. ఏలకుల డబ్బా యాడ పెట్టినావని అడుగుతాడు, ఇంకేముంది. అత్త నా చేతిలోంచి ఫోన్ తీసుకుని సంచిలో పూల కింద పెట్టేసింది. అది మోగుతూనే ఉంది. మేం మళ్ళీ పడుకున్నాం.