మూత పెట్టిన క్యారేజీ

తుని నుంచి రాజమండ్రి వెళ్లే పాసింజర్లో నా ఎదురు సీట్లో ఒక జాలరి జంట కూర్చుంది. భర్త క్యారేజీలో అన్నం కలుపుకుంటూ, “పెద్దోడేడే?” అన్నాడు.

“పోయాడు. నిరుడు సముద్రంలో పోయాడు,” అంది భార్య, పెరుగు కావాలా అని అడిగినంత మామూలుగా.

ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. ఐదు నిమిషాలకి కళ్లు తుడుచుకుని, రెండు ముద్దలు తిని, మళ్లీ అదే అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది.

ఆయనకి మెదడు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ ఇంతేనని ఆమె చెప్పింది. హిప్పోకాంపస్ అనే భాగం చెడితే కొత్త సంగతి నిలవదనీ, పాత అలవాట్లు వేరే చోట భద్రంగా ఉంటాయనీ నేను ఆమెకి వివరించాను. కాలేజీలో ఆ పాఠం ఒక్క పేజీయే. పేజీ అంతా అప్పజెప్పాను. “చేపల వేటకెళ్లాడని చెప్పొచ్చు కదండీ,” అని సలహా కూడా ఇచ్చాను. ఆమె చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది.

ఈసారి ఆయన నన్నే అడిగాడు.

“వేటకెళ్లాడండి,” అన్నాను.

ఆయన మొహం వెలిగింది. క్యారేజీకి మూత పెట్టేశాడు.

ఆమె తిరిగొచ్చి మూత చూసింది. “వేటకెళ్లాడన్నారా? కొడుకు పడవ ఒడ్డుకి చేరందే ఈయన ముద్ద ముట్టడండి. మీరు చెప్పింది మర్చిపోతాడు, మూత మాత్రం తియ్యడు. మొన్న మా మరిది ఇలాగే చెప్పి రెండు పూటలు పస్తుంచాడు.” క్యారేజీ ఆయన ముందుకి జరిపి, “చదువుకున్నారు కదా బాబూ, పోయాడని మీరే చెప్పండి,” అంది.

చెప్పాను. రైలు చప్పుడులో ఆయనకి వినపడలేదు. రెండోసారి కూడా చెప్పాల్సి వచ్చింది.

సామర్లకోట దాటాక ఆయన మూత తీసి, నన్ను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసి, “మీరూ ఓ ముద్ద తినండి బాబూ,” అన్నాడు.