నూనె తగలని ఇనుము

మా వదిన పోయిందని ఆదోని నుంచి ఫోన్ వచ్చింది. చేసింది వాళ్ల షెడ్డులో పనిచేసే ఈరన్న. "అక్కా, అమ్మ లేదక్కా ఇంగ. ఇప్పుడే పోయినాది," అన్నాడు. నేను ఎమ్మిగనూరులో మా వంటింట్లో ఉన్నాను. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా కట్టేయాలని తోచలేదు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయిన వారం చూడ్డానికి వెళ్తే, మంచంలో ఉండి కూడా నా చీర అంచు వేళ్లతో నలిపి చూసి, "ఇది మీ ఊరి నేత కాదే. అంగడోడు బాగా టోపీ పెట్టినాడు నీకు," అని నవ్విన మనిషి. అంత నవ్వు నవ్వి, వారం తిరగకుండా చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడమేమిటి?

పోయినవాళ్ల గురించి ఇలాంటి నివాళులు మామూలుగా పేరున్నవాళ్లకు రాస్తారు. మా వదినకు అంత పేరేమీ లేదు. ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద, పత్తి నుంచి గింజ తీసే మా పాత జిన్నింగు మిల్లులో ఇనుముకు అల్యూమినియం పూత వేసే పని పెట్టింది, దాన్ని నిలబెట్టింది. అయినా ఆమె గెలిచిన గెలుపు చిన్నదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అందుకే రాస్తున్నాను.

పూత అంటే రంగు అనుకునేరు. రంగు కాదు. అల్యూమినియం తీగను తుపాకీ లాంటి గన్నులో కరిగించి, గాలి వత్తిడితో ఇనుము మీదికి చిమ్ముతారు. సన్నటి తుంపర పడి, ఒకదాన్నొకటి పట్టుకుని, బూడిద రంగు చర్మంలా తయారవుతుంది. పైన సన్నటి రంధ్రాలు మూసుకుపోయేలా పల్చగా సీలర్ పూస్తారు. ఇక నీళ్లూ గాలీ ఇనుము దాకా పోలేవు. మా వదిన ఈ పనిని మొదట చూసింది సముద్రం ఒడ్డున. మా అన్న పాత కంప్రెసర్ ఒకటి కొందామని రేవు పట్టణానికి వెళ్తూ ఆమెను తోడు తీసుకెళ్లాడు. అక్కడ ఉప్పు గాలిలో ఏళ్ల తరబడి నిలబడి ఉన్న ఇనుప స్తంభాలకు తుప్పు లేకపోవడం చూసి, ఆమె అక్కడే ఆగిపోయింది. అన్న కంప్రెసర్ బేరం ముగించుకుని వచ్చేసరికి, అక్కడి పనివాళ్లతో కలిసి టీ తాగుతూ గన్ను ఎలా పట్టుకోవాలో నేర్చుకుంటోంది. "నీ వదినను బండెక్కించేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది," అని అన్న నాతో చెప్పుకుని నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

వదిన ఆదోని పత్తి వ్యాపారస్థుల ఇంటి పిల్ల. చిన్నప్పుడే దూదిని రెండు బొటనవేళ్ల మధ్య లాగి, పోగు పొడవెంతో చెప్పేసేదట. అలాంటి మనిషి మిల్లులో సగం ఖాళీ చేయించి ఇనుము పని పెడతానంటే మా వాళ్లు ఊరుకుంటారా? బంధువులందరిదీ ఒకటే మాట, మిల్లును గోడౌనుకు ఇచ్చేయమని. అప్పటికే జిన్నింగు పని పలచబడింది. మా నాన్న కాలం నుంచి ఉన్న పనివాళ్లు ఈరన్నతో సహా బెంగళూరుకు వలస పోవడానికి మూటలు కట్టుకుంటున్నారు. వదినకు నిద్ర పట్టనిది అందుకే. హొళగుంద వైపు నుంచి వచ్చి, మిల్లు దగ్గరే పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని పెంచుకున్న మనుషులు వాళ్లు. "వీళ్లంతా పోతే ఈ షెడ్డులో నేను పావురాలను మేపాల్నా?" అని అన్నను నిలదీసింది.

మా అన్న మంచివాడే, కానీ ధైర్యం తక్కువ. చివరికి ఒక మాట మీదికి వచ్చాడు. అప్పుడే మాధవరం దగ్గర తుంగభద్ర ఒడ్డున రైతులు నడుపుకునే ఎత్తిపోతల పథకం వాళ్లు, కాలువకు నీళ్లు వదిలే ఇనుప తలుపు, షట్టర్ ఒకదాని గురించి తిరుగుతున్నారు. ఎన్నిసార్లు రంగు వేసినా తుప్పు పట్టి, సరిగ్గా నీళ్లు కావలసినప్పుడే బిగుసుకుపోయేదట ఆ షట్టర్. చివరి పొలాలకు నీళ్లు అందక పైరు ఎండిపోయేది. "ఆ పని పట్టు. నిలబడితే షెడ్డు నీది. లేకుంటే గోడౌనుకు ఇచ్చేస్తా, మళ్లా నోరెత్తకూడదు," అన్నాడు అన్న. వదిన సరేనంది.

ముందు ఒక ఇనుప పలక మీద వేసి చూపించమన్నారు రైతులు. ఇనుప రవ్వను గాలితో గట్టిగా కొట్టి, పలకను తెల్లగా, గరుకుగా చేశారు. గరుకు ఉంటేనే పూత పట్టుకుంటుంది. వదిన రైతులకు అన్నాలు పెట్టడానికి ఇంట్లోకి వెళ్లింది. ఆ కాసేపట్లో మా వాళ్లు చేసిన ఘనకార్యం ఇంకెవరికీ సాధ్యం కాదు. జిన్నింగు మిల్లులో పుట్టి పెరిగిన చేతులవి. ఇనుము కనిపిస్తే చాలు, నూనెగుడ్డ పెట్టి తుడవడం వాళ్లకు దేవుడికి దండం పెట్టుకున్నంత అలవాటు. పలక మరీ పొడిగా, తెల్లబోయి ఉందని జాలిపడి, మంచి వేరుశనగ నూనెతో శుభ్రంగా తుడిచారు. కంటికి తెలియకుండా మళ్లీ పొడిగుడ్డతో అద్దారు కూడా. ఆ పైన పూత పడింది.

రైతుల కమిటీ పెద్దాయన ఉలి తీసుకుని అంచున ఒక దెబ్బ కొట్టాడు. పెనం మీద అట్టు లేచినట్టు పూతంతా లేచి వచ్చేసింది. రైతులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మా అన్న తల పక్కకు తిప్పుకున్నాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. వదిన మాత్రం ఆ పెచ్చు ముక్కను చేతిలోకి తీసుకుని, తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత పకపకా నవ్వింది.

"మీ ఇల్లు బంగారం కాను! ఇనుముకు తలంటు పోసినారేమప్పా?"

ఈరన్న బిక్కమొహం వేశాడు. "ఎండిపోయినట్ల ఉన్నింది గదమ్మా... సూడబుద్ధి కాలేదు."

"సూడబుద్ధి కాకుంటే కండ్లు మూసుకో. దాన్ని ముట్టుకోవద్దు." తర్వాత రైతుల వైపు తిరిగి చేతులు జోడించింది. "పెద్దాయనా, ఇది పూత తప్పు కాదు, మా ప్రేమ తప్పు. ఇంగొక్క తూరి సూడండి. ఈసారి పలక వద్దు, మీ షట్టరే తెండి."

పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. "నవ్వినావు కాబట్టి తెస్తాండా తల్లీ. ఏడ్సింటే తెచ్చేవాణ్ణి కాదు," అన్నాడు.

ఆ రోజు నుంచి మా షెడ్డులో నూనెకు బహిష్కారం. ఊరగాయ డబ్బాలు గేటు బయటే. తలకు నూనె పెట్టుకున్న రోజు గన్ను ముట్టుకోకూడదు. కుంకుడు రసంతో మోచేతుల దాకా కడుక్కోవాలి. నేను ఎమ్మిగనూరు మగ్గం గుడ్డతో చేతితొడుగులు కుట్టి పంపేదాన్ని. వదిన తన పుట్టింటి విద్యను కూడా ఇందులోకి తెచ్చింది. గరుకు చేసిన ఇనుము మీద చిటికెడు దూది పెట్టి లాగేది. పోగులు చిక్కుకుంటే గరుకు సరిపోయినట్టు. దూది మీద మరక పడకపోతే నూనె లేనట్టు. మిగిలిన పోగులను గాలితో ఊదించేసేది. తర్వాత మందం కొలిచే మీటరు కొన్నాక దాన్ని కూడా అంతే ప్రేమగా చూసుకుంది. "దూది నా నమ్మకానికి, మీటరు మీ నమ్మకానికి," అని వచ్చినవాళ్లకు చెప్పేది.

షట్టర్ వచ్చిన రోజు తుంగభద్ర వైపు మబ్బు పట్టి ఉంది. చెమ్మగాలి తగిలితే, గరుకు చేసిన ఇనుము గంటల్లోనే రంగు మారుతుంది. ఇక పూత పట్టదు. అంతా పరుగుల మీద చేశారు. రవ్వ కొట్టడం అయిపోయి, ఈరన్న గన్ను ఎత్తబోతుండగా, ట్రాక్టర్ నిండా రైతుల ఇండ్ల ఆడవాళ్లు దిగారు. పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. నీళ్లిచ్చే తల్లికి బొట్టు పెట్టకుండా పని మొదలుపెట్టడమేంటని వాళ్ల బాధ. వద్దంటే అపశకునం, సరేనంటే పూత పోతుంది. ఈరన్న అడ్డం నిలబడి ఏదో చెప్పబోయాడు, వాళ్లు వినలేదు. అన్న నా పక్కన నిలబడి, "అయిపోయింది," అని గొణిగాడు.

వదిన పమిట నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది. "అక్కా, ఆగండి. అది మడి కట్టుకోని ఉండాది. మడిలో ఉండే మనిషిని ముట్టుకుంటారా మీరు?"

ఆడవాళ్లు టక్కున ఆగిపోయారు. వాళ్లలో అందరికంటే పెద్దామె పళ్లెం వెనక్కి తీసుకుని, "అయ్యో, ముందే సెప్పకూడదా?" అంది.

"దానికి చీర కట్టేదాకా ఓర్సుకోండి. కట్టినాక మీరే బొట్టు పెడుదురు."

దాంతో వాళ్లే కాపలా నిలబడ్డారు. పిల్లలు దగ్గరికి వస్తే, "మడి! మడి!" అని అదిలించారు. ఏ ఇంజనీరు చెప్పినా అంత బాగా అర్థమయ్యేది కాదు, ఏ వేదాంతి చెప్పినా కూడా. నాకు ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ గర్వమూ కలిసి వస్తాయి. గన్ను నుంచి తెల్లటి మంట, సర్రుమనే చప్పుడు. ఈరన్న ఒక చివర నుంచి మరో చివరకు, మళ్లీ అడ్డంగా, సమంగా చిమ్ముకుంటూ పోయాడు. చివరి మూల అయ్యాకే చినుకులు పడ్డాయి.

పూత బిగిశాక పెద్దాయన మళ్లీ ఉలి తీశాడు. ఈసారి మా అన్న తల తిప్పుకోలేదు. ఒక దెబ్బ, రెండు దెబ్బలు. ఉలి పడిన చోట గంటు పడింది తప్ప, దాని చుట్టూ ఇసుమంత కూడా లేవలేదు. పెద్దాయన ఉలి వదినకు ఇచ్చేసి, "ఇంగ దీంతో నాకు పని లేదు తల్లీ," అన్నాడు. ఆడవాళ్లు కొబ్బరికాయ కొట్టారు. పనివాళ్లు ఈరన్నను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎవరో డప్పు లేదని ఖాళీ డ్రమ్ము వాయించారు. మా అన్న లోపలికి వెళ్లి, గోడౌను మాట్లాడుకోవడానికి వచ్చి కూర్చున్న మనిషికి టీ ఇచ్చి పంపేశాడు. ఆ రోజు మా మిల్లులో ఉన్నంత సంబరం నా పెళ్లిలో కూడా లేదు.

ఆ తర్వాత తుంగభద్రకు ఎన్ని వరదలు వచ్చి పోయినా, ఆ షట్టర్ ఎర్రబడలేదు. సి.బెళగల్ వైపు నుంచి, ఇంకా దూరం నుంచి కూడా షట్టర్లు, పైపులు, ట్యాంకులు లారీల్లో వచ్చాయి. బెంగళూరుకు కట్టిన మూటలు విప్పేశారు. పని చూసి కొందరు పెదవి విరిచేవాళ్లు, ఇంత మాసినట్టు ఉందేమిటి, కాస్త మెరుపు ఉండకూడదా అని. "పెండ్లికూతురా అది, మెరవాల్నంటే? నీళ్లల్ల కూసునేదానికి సోకులెందుకు?" అనేది వదిన. బాగా చేసిన పనిని ఎవరైనా పొగిడితే, "ఇంగో వానకాలం పోనీ, అప్పుడు సెప్పు," అనేది. ఆమె దగ్గర పొగడ్త దాచుకునే చోటు లేదు.

ఫోన్ రాగానే బస్సెక్కి ఆదోని చేరాను. మిల్లు వెనకే ఇల్లు. వరండాలో ఆమెను పడుకోబెట్టి ఉన్నారు, ముఖాన పావలా కాసంత బొట్టుతో. చుట్టూ బంధువులు. దండం పెట్టి లేస్తుండగా షెడ్డులో కంప్రెసర్ చప్పుడు వినిపించింది. శవం ఇంట్లో ఉండగా మిల్లు ఆడించడమేమిటని ఒక పెద్దమనిషి చిరాకు పడుతున్నాడు. సంగతేమిటంటే, ఆ పొద్దున ఒక షట్టర్‌కు రవ్వ కొట్టడం అప్పుడే అయిపోయిందట. అంతలో ఈ కబురు. పనివాళ్లు అన్నీ ఆపేసి ఏడుస్తూ బయటికి వచ్చేస్తే, మా అన్నే వాళ్లకు ఎదురు వెళ్లి, పూత పూర్తి చేయమని మళ్లీ లోపలికి పంపాడట. ఒకప్పుడు గోడౌను కోసం పట్టుబట్టిన అన్నే.

నేను చూసేసరికి షెడ్డు వాకిట్లో నిలబడి ఉన్నాడు, లోపలికి ఎవరినీ పోనివ్వకుండా. ఆ పెద్దమనిషి గట్టిగా అడిగాడు, "టైమవుతాంది. ఎప్పుడు లేపేది?"

"దానికి పూత పడినాక," అన్నాడు అన్న. "చెమ్మగాలి వీస్తాంది. ఇప్పుడు నిలిపితే అంతా పోతాది. నా పెండ్లాం పని నా పెండ్లాం పోయిన రోజు పాడు కాకూడదు."

మేమందరం ఆమె చుట్టూ కూర్చుని ఆ సర్రుమనే చప్పుడు వింటూ ఉండిపోయాం. నాకు అప్పుడొచ్చింది ఏడుపు, అదీ దుఃఖం కంటే గర్వంతోనే వచ్చింది. చప్పుడు ఆగాక అన్న లోపలికి వెళ్లి పూత మీద చెయ్యి పెట్టి చూసి వచ్చాడు. "రాండప్పా, మీరూ పట్టండి," అని పనివాళ్లను పిలిచాడు.

వాళ్లు చేతితొడుగులు విప్పి, చేతులు మాత్రం కడుక్కుని వచ్చారు. ముఖాలు కడుక్కునే తీరిక లేదు. ఈరన్న ముందు భుజం పట్టాడు. పాడె గేటు దాటి ఎమ్మిగనూరు రోడ్డెక్కింది. ఎదురుగా వస్తున్న లారీలు ఒకదాని వెనక ఒకటి పక్కకు ఆగాయి. మబ్బులోంచి కాస్త ఎండ వచ్చింది, ఆమెను మోస్తున్న వాళ్ల కనుబొమల మీద, రెప్పల మీద పట్టిన అల్యూమినియం పొడి ఆ ఎండకు తళతళమంది.