ఖాళీ గడి

ఇంట్లో అందరూ ఆమెని అనుమానాల పుట్ట అంటారు. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొస్తుంది. "ఆ తాళం ఊడితే దొంగ చేతిలో కాదే, నీ చేతిలోనే ఊడుతుంది," అంటాడు మొగుడు. అననీ. ఆసుపత్రి వాళ్ళకి వెబ్ పేజీలు చేసిపెట్టే మనిషికి ఆ మాత్రం చాదస్తం ఉండాల్సిందే.

వార్డులో ఎవరికి ఏ మందు ఇవ్వాలో చూపించే పేజీ చెయ్యమన్నాడు పెద్ద డాక్టరు. ఆపేసిన మందు పక్కన ఇవ్వకూడదని తెలిసేలా ఒక గుర్తు ఉండాలన్నాడు. ఆమె వెతికి వెతికి ఎక్కడా కనపడని గుర్తొకటి పట్టింది. సీసా, దాని మీద అడ్డగీత. ఆ గుర్తు ఉండే అక్షరాల ఫాంటు తన కంప్యూటర్లో ఎక్కించుకుని ముప్ఫైసార్లు చూసుకుంది. ముప్ఫైసార్లూ చూసింది తన కంప్యూటర్లోనే అన్న సంగతి ఆ అనుమానాల పుట్టకి తట్టలేదు.

ముందుగా ఒక్క వార్డులో మొదలుపెట్టారు. మొదటిరోజు పొద్దున ఎలా ఉందో చూద్దామని వెళ్ళింది. హెడ్ నర్సు పేజీని కాగితం మీద తీసి అట్టకి బిగించుకుంది.

"ఈ గడి భలే పెట్టావమ్మా, టిక్కు కొట్టుకోడానికి. ఒక్కదానికే పెట్టావేం? అన్నిటికీ పెట్టు."

"ఏ గడి అక్కా?"

నర్సు వేలు పెట్టిన చోట పదకొండో మంచం. నిన్న ఆ మాత్ర పడక ఊపిరాడక గిలగిల్లాడిన పెద్దావిడ. ఇంకోసారి వేస్తే మనిషి దక్కదని డాక్టరు ఆపేసిన మాత్ర అది. దాని పక్కన సీసా లేదు, గీతా లేదు. వార్డులోని పాత కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. తన దగ్గర లేని అక్షరమో గుర్తో వస్తే, పేజీ చూపించే బ్రౌజరు ఓ ఖాళీ గడి గీసి చేతులు దులుపుకుంటుంది. ఆ గడిలో నీలం సిరాతో టిక్కు ఉంది.

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తింది. చంపేశాను, నేనే చంపేశాను అనుకుంటూ మంచాలు లెక్కపెట్టుకుంటూ పరిగెత్తింది. ఎనిమిది దగ్గర చెప్పు ఊడింది. పదకొండో మంచం చుట్టూ తెర వేసి ఉంది. ఆ తెర తియ్యడానికి చెయ్యి రాలేదు.

లోపల్నించి గొంతు వినపడింది. "చల్లనీళ్ళతో మింగనని చెప్పానా? వేణ్ణీళ్ళు తే."

తెర లాగింది. చిన్న నర్సు ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో మాత్ర పట్టుకుని విసుగ్గా నిలబడి ఉంది.

"టిక్కు పెట్టేశారుగా?" అంది ఆమె.

"పని తెమలాలని ముందే కొట్టేస్తామండీ."

ఆమె మాత్ర లాక్కుని గుప్పిట బిగించింది. హెడ్ నర్సు వచ్చి ఒక్కో వేలూ విడదీస్తే గానీ అది తెరుచుకోలేదు. ఆ పూటే గుర్తు తీసేసి, ‘ఈ మందు ఇవ్వకూడదు’ అని మామూలు అక్షరాల్లో రాసింది. వార్డు కంప్యూటర్లో చిన్న నర్సు చేత పైకి చదివించుకుంది.

మర్నాడు ఇంటి ముందు తాళం వేసి పక్కకి జరిగింది. మొగుడు నవ్వబోయాడు.

"మీరు లాగి చూడండి," అంది. "నేను చూస్తే చాలదు."